హైరైడరా, గ్రాండ్ విటారానా, పాత హైక్రాసా: లోపల ఏముంది, అమ్మితే ఏది నిలుస్తుంది

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: ఉండేది నల్గొండ, ఇంట్లో ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మ. నెలలో రెండు మూడు సార్లు హైదరాబాద్, అప్పుడప్పుడు శ్రీశైలం. కొత్త టొయోటా హైరైడర్ హైబ్రిడ్ గానీ మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ గానీ తీసుకోవాలా, లేక బడ్జెట్ ఇంకొంచెం సాగదీసి 2023 మోడల్ టొయోటా ఇన్నోవా హైక్రాస్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలా, ఏది లోపల బాగుంటుంది, నాలుగైదేళ్ల తర్వాత దేనికి రేటు నిలుస్తుంది అని. నేను పాలమూరు వైపు పాత బండ్ల లైన్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇంట్లో హైరైడర్ హైబ్రిడ్ వాడుతున్నాం, మా బావ దగ్గర హైక్రాస్ ఉంది, పెళ్లిళ్లకు, గుళ్లకు అందరం అందులోనే పోతాం. అందుకని రెండింటి గురించీ తెలిసింది రాస్తాను, పొడుగైతే ఏమనుకోకండి.

ముందు ఒక సంగతి తేల్చుకోండి, ఎందుకంటే మన దగ్గర సగం గొడవ ఇక్కడే. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు ఉన్న బండి, కానీ ఆ పేరున్న ప్రతి బండీ ఒకటి కాదు. గ్రాండ్ విటారాలో స్మార్ట్ హైబ్రిడ్, హైరైడర్‌లో నియోడ్రైవ్ అన్నవి మైల్డ్ హైబ్రిడ్‌లు, అంటే చిన్న మోటారు ఇంజిన్‌కు చెయ్యి అందిస్తుందే తప్ప ఒక్క కరెంటు మీదే బండిని నడపలేదు. మీకు కావలసింది స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే కొంత దూరం ఒక్క మోటారుతోనే నడవగలిగేది. గ్రాండ్ విటారాలో వేరియంట్ పేరు చివర జీటా ప్లస్, ఆల్ఫా ప్లస్ అని ప్లస్ ఉంటే అదీ స్ట్రాంగ్. హైక్రాస్‌లోనూ ఇదే తిరకాసు: జీ, జీఎక్స్ వేరియంట్లు మామూలు పెట్రోల్ బండ్లు, వీఎక్స్, జెడ్‌ఎక్స్ మాత్రమే హైబ్రిడ్. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అమ్మేవాడు "హైక్రాస్ అన్నా, హైబ్రిడే" అని జీఎక్స్ అంటగడతాడు. ఆర్సీలో హైబ్రిడ్ అనే మాట మైల్డ్ బండ్లకు కూడా వస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, వేరియంట్ పేరు, ఇన్వాయిస్ చూడాలి.

ఇక లోపలి సంగతి. హైరైడర్, గ్రాండ్ విటారా ఒకే బండికి రెండు ముఖాలు, రెండూ కర్ణాటకలోని బిడదిలో టొయోటా ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి, 2022లో కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. 1.5 లీటర్ మూడు సిలిండర్ల ఇంజిన్ ఒకటే, సీట్లు, స్క్రీన్, గాలి వచ్చే ముందు సీట్లు, అద్దం మీద స్పీడు కనిపించే హెడ్ అప్ డిస్‌ప్లే, అన్నీ దాదాపు ఒకటే. తేడా రంగులో ఉంది. హైరైడర్ హైబ్రిడ్‌లో నలుపు-గోధుమ కలిపి ఇచ్చారు, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో నలుపు మీద బంగారు రంగు గీతలు. షోరూమ్ లైట్ల కింద గోధుమ రంగే కంటికి ఆనుతుంది. కానీ మన ఎర్ర చెలకల దుమ్ము, చెమట, తలనూనె, పిల్లల బూట్లు పడ్డాక రెండేళ్లకు నల్ల సీటు శుభ్రంగా కనిపించినట్టు వేరేది కనిపించదు. అమ్మకానికి వచ్చిన బండిలో నేను మొదట చూసేది డ్రైవర్ సీటు బయటి అంచు, తర్వాత స్టీరింగ్ పైభాగం. అక్కడ అరుగుదల ఉంటే మీటర్ ఎంత చూపిస్తున్నా ఇంకాస్త ఎక్కువే తిరిగిందనుకోవచ్చు.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు మీరు డ్రైవర్ సీట్లో కూర్చోవద్దు, ముందు అమ్మను వెనక కూర్చోబెట్టండి. ఎక్కేటప్పుడు పైన హ్యాండిల్ ఎంత గట్టిగా పట్టుకుంటున్నారు, తల వంచాల్సి వస్తోందా, దిగేటప్పుడు కాలు నేలకు సూటిగా ఆనుతోందా చూడండి. హైరైడర్, విటారా రెండింట్లో కాళ్లకు జాగా బాగానే ఉంది, సీటు వీపు కొంచెం వెనక్కి వాలుతుంది, వెనక ఏసీ వెంట్లు ఉన్నాయి. ఇబ్బంది తల దగ్గర. పెద్ద సన్‌రూఫ్ ఉన్న టాప్ వేరియంట్లో ఆ సామానంతా కప్పులో కూర్చుంటుంది కాబట్టి ఎత్తు మనిషికి జుట్టు తగులుతుంది. నా అభిప్రాయం అడిగితే మన నల్గొండ, పాలమూరు ఎండలకు సన్‌రూఫ్ శుద్ధ దండగ. ఏప్రిల్, మేలో తెర వేసినా పై నుంచి వేడి తెలుస్తూనే ఉంటుంది, పిల్లలు తల బయట పెడతామని ఒకటే గొడవ, అదీ హైవే మీద. సన్‌రూఫ్ లేని హైబ్రిడ్ వేరియంట్ దొరికితే డబ్బు మిగిలినట్టే, కానీ అమ్మేటప్పుడు మాత్రం కుర్రాళ్లు "సన్‌రూఫ్ లేదా?" అని ఒక మాట అని తీరతారు. దానికి తగ్గేది కొద్దిగానే, దాన్ని చూసి టాప్ వేరియంట్‌కు పోనవసరం లేదు.

అసలు దెబ్బ డిక్కీలో. ఈ రెండు బండ్లలోనూ హైబ్రిడ్ బ్యాటరీ డిక్కీ నేల కింద ఉంటుంది, అందుకే మైల్డ్ హైబ్రిడ్ డిక్కీ చూసి వచ్చి స్ట్రాంగ్ హైబ్రిడ్ డిక్కీ తెరిస్తే నేల పైకి లేచినట్టు కనిపిస్తుంది. చాలా హైబ్రిడ్‌లదీ కొంత వరకు ఇదే కథ, హోండా సిటీలో మామూలు పెట్రోల్ డిక్కీ 506 లీటర్లైతే హైబ్రిడ్‌ది 306 లీటర్లే. లీటర్ల లెక్క నాకూ అంతగా ఎక్కదు, నేను చేసే పరీక్ష వేరే. మిర్యాలగూడ బియ్యం 25 కిలోల సంచులు రెండు, ఒక పెద్ద సూట్‌కేసు, పిల్లల బ్యాగు పెట్టి డిక్కీ మూసి చూడండి. మా హైరైడర్‌లో సూట్‌కేసు పడుకోబెడితే సంచులు పైన, సంచులు కింద పెడితే సూట్‌కేసు వెనక సీట్లోకి. ఊరికి పోయి వచ్చేటప్పుడు బత్తాయిలు, బియ్యం, పచ్చడి డబ్బాలు తెచ్చుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. షోరూమ్ వాళ్లు డిక్కీ పరీక్షంటే నవ్వుతారు, నవ్వనివ్వండి.

హైక్రాస్‌లో ఈ బాధ లేదు, ఎందుకంటే అందులో బ్యాటరీ ముందు సీట్ల కింద పెట్టారు. మూడో వరుసలో మనుషులున్నా వెనక నాలుగు బ్యాగులు పడతాయి, మూడో వరుస మడిచేస్తే ఇల్లు ఖాళీ చేయొచ్చు. పాత ఇన్నోవా క్రిస్టాకు ఉన్నట్టు దీనికి కింద ఛాసీ ఫ్రేము లేదు కాబట్టి నేల కిందికి ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడానికి క్రిస్టా కంటే చాలా సులువు. మా అత్తమ్మ క్రిస్టా ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది, హైక్రాస్‌లో తనే తలుపు తీసుకుని కూర్చుంటుంది. జెడ్‌ఎక్స్‌లో మధ్య వరుస సీట్లకు కాళ్లు చాపుకునే ఒట్టోమన్ ఉంది, అది నిజంగా పెద్దవాళ్లకు పనికొచ్చే సౌకర్యం. కానీ ఏడుగురే కూర్చోగలరు. వీఎక్స్‌లో ఎనిమిది సీట్ల బెంచీ బండి కూడా వచ్చింది, మన దగ్గర కుటుంబాలకు అదే ఎక్కువ పనికొస్తుంది, పెళ్లికి పోయేటప్పుడు ఆ ఒక్క సీటు విలువ తెలుస్తుంది. ప్లాస్టిక్ విషయంలో మాత్రం 30 లక్షల బండికి ఉండాల్సినంత నాణ్యత లేదు, చేతికి తగిలే పైభాగాలు మెత్తగా ఉన్నా కింది వైపు గట్టి ప్లాస్టిక్కే, గీతలు త్వరగా పడతాయి. దీని మారుతి రూపం ఇన్విక్టో 2023లో వచ్చింది, అదంతా హైబ్రిడ్డే, ఒట్టోమన్ లాంటివి తీసేసి రేటు కొంచెం తక్కువ పెట్టారు. మంచి బండే గానీ ఇన్నోవా అనే పేరు లేదు, మన జిల్లాల్లో ఆ పేరుకే సగం రేటు.

మైలేజీ గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. కంపెనీ లెక్కలో హైరైడర్, విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లు, హైక్రాస్‌కు 23.24. మామూలు బండి హైవేలో ఎక్కువ ఇస్తుంది, టౌన్లో తక్కువ. హైబ్రిడ్ దీనికి తిరగబడి ఉంటుంది, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడల్లా ఛార్జ్ అవుతుంది, మెల్లగా కదిలేటప్పుడు మోటారే లాగుతుంది. క్లాక్ టవర్ సెంటర్లో, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో మస్తు మైలేజీ, అదే చిట్యాల దాటాక 65వ నంబరు హైవే మీద 110లో పట్టి పోతే ఇంజిన్ ఆగే సందే ఉండదు. మా హైరైడర్ ఆ స్పీడులో 19, 20 దగ్గరే ఉంటుంది, 85–90 మధ్య పోతే మళ్లీ 23 దాటుతుంది. మీ తిరుగుడులో ఎక్కువ భాగం హైవే కాబట్టి, మైలేజీ ఒక్కదాని కోసమే అంత ఎక్కువ పెట్టి కొంటుంటే లెక్క వేసుకుని చూడండి.

శ్రీశైలం ఘాట్ అడిగారు. మీరు దేవరకొండ, డిండి మీదుగా పోతారనుకుంటా. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు ఈ చిన్న బ్యాటరీలు తొందరగా నిండిపోతాయి, ఆ తర్వాత బండి ఇంజిన్‌ను ఉత్తగా తిప్పుతూ వేగం ఆపుతుంది, చప్పుడు ఒక్కసారి పెరుగుతుంది. కంగారు పడొద్దు, అది పెట్రోల్ తాగడం లేదు. హైరైడర్, విటారాల్లో గేరు లివర్‌ను బీ (ఇంజిన్ బ్రేకు) లోకి వేసుకుని దిగండి, బ్రేకులు అంతగా వేడెక్కవు. అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారని మీకు తెలిసే ఉంటుంది.

ఏసీ విషయంలో హైబ్రిడ్ నిజంగా సుఖం. కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది, ఇంజిన్ ఆగినా చల్లగాలి ఆగదు. మేలో చెరువుగట్టు గుడి కింద పార్కింగులో అమ్మను, పిల్లలను బండిలో కూర్చోబెట్టి మీరు లైన్లో నిలబడినా, బ్యాటరీ తగ్గినప్పుడల్లా ఇంజిన్ తనే లేచి కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. అందుకే మూసిన షెడ్డులో మాత్రం రెడీలో (స్టార్ట్ చేసి ఉంచి) వదిలేయొద్దు, ఇంజిన్ ఎప్పుడు లేస్తుందో మనకు తెలియదు, పొగ నిండుతుంది. ఇంకోటి, బ్యాటరీని చల్లబరిచే గాలి బండి లోపలి నుంచే తీసుకుంటుంది. ఆ జాలీ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకుని దాని మీద సంచులు, దుప్పట్లు పడకుండా చూడాలి, సర్వీసులో దాన్ని శుభ్రం చేయించాలి. మన మట్టి రోడ్ల దుమ్ముకు అది త్వరగా పూడుతుంది. సీట్ కవర్లు వేయిస్తే ముందు సీట్ల పక్క నుంచి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే కుట్టున్నవే వేయించండి, సెంటర్లో దొరికే బిగుతు కవర్లు వద్దు.

ఇప్పుడు మార్కెట్. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లో పాత బండి కొనడానికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఇప్పటికీ డీజిల్ మనుషులే. రియల్ ఎస్టేట్, కాంట్రాక్టు, రైస్ మిల్లు వాళ్లకు క్రిస్టా డీజిల్ అంటే కళ్లు మూసుకుని బయానా ఇచ్చేస్తారు. హైబ్రిడ్ అనగానే మొదటి ప్రశ్న "బ్యాటరీ పోతే లక్షలటగా?" ఆ భయం ఎంత ఉంటే రేటు అంత తగ్గుతుంది. అదే బండి హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు చూపిస్తే కొనేవాడు బ్యాటరీ గురించి కాదు, సర్వీస్ రికార్డు గురించి అడుగుతాడు. అందుకే మన జిల్లాల హైబ్రిడ్‌లు చివరికి హైదరాబాద్‌కే అమ్ముడుపోతున్నాయి. మీరు అమ్మాల్సి వచ్చినప్పుడూ లోకల్ బేరానికి తొందరపడకండి. నేను చూసినంతలో హైక్రాస్‌కు మాత్రం ఇక్కడా గిరాకీ ఉంది. హైరైడర్, విటారాల మధ్య రీసేల్‌లో పెద్ద తేడా రాదు, బ్యాడ్జి చూసి ఒకాయన టొయోటా అంటాడు, ఇంకొకాయన మండలంలో కూడా సర్వీస్ పాయింట్ ఉందని మారుతి అంటాడు. హైబ్రిడ్ పని మాత్రం పెద్ద వర్క్‌షాపులోనే చేయించాలి, కాబట్టి ఆ రెండో వాదనలో బలం తక్కువ.

బ్యాటరీ భయానికి మందు కాగితం. ఈ బండ్ల హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది వారంటీ. 2023 హైక్రాస్ 1,10,000 తిరిగి ఉంటే మీకు మిగిలింది 50,000 మాత్రమే, ఏడాదికి 20,000 తిప్పితే రెండున్నరేళ్లు. అదే 45,000 తిరిగిన బండైతే 2031 దాకా ధీమా, మీరు మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాడికి కూడా కొంత మిగులుతుంది. కాబట్టి పాత హైబ్రిడ్‌కు మోడల్ ఇయర్ కంటే కిలోమీటర్లు ముఖ్యం. ఇంకా రేటు మాట్లాడేటప్పుడు 2023 ఇన్వాయిస్ చూపించి "ఇంత పెట్టి కొన్నా" అంటే ఊ కొట్టకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, హైబ్రిడ్‌ల మీద అంతకు ముందు సెస్‌తో కలిపి 43 శాతం ఉన్నది 40 అయింది, కొత్త బండి రేటు దిగితే పాతదీ దిగాలి కదా. ఎలక్ట్రిక్ బండ్లకు ఇప్పటికీ 5 శాతమే, పైగా మన రాష్ట్రంలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ చివరి దాకా రోడ్డు పన్ను మాఫీ ఇచ్చారు. అది హైబ్రిడ్ మీదా ఒత్తిడే, కొత్త బండి ఆన్ రోడ్ కొటేషన్ తీసుకున్నప్పుడు లైఫ్ ట్యాక్స్ (రోడ్డు పన్ను) లైను చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలిచింది. మీరు చూస్తున్నది 2023 హైక్రాస్. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ముంచేసినప్పుడు వేల బండ్లు నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, తుడిచి, సెంటు కొట్టి 65 హైవే మీదుగా ఇటు వస్తాయి. హైక్రాస్‌లో బ్యాటరీ ముందు సీట్ల కింద అని చెప్పాను కదా, అంటే బండిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చినా చాలు, తడిసేది అదే. అలాంటి బండి ఎంత చవకగా వచ్చినా వద్దు. పట్టుకోవడం కష్టం కాదు. ముందు సీటు మొత్తం వెనక్కి జరిపి కింద సీటు జరిగే పట్టాలు, బోల్టులు చూడండి, ఆ వయసు బండిలో అవి తుప్పు పట్టకూడదు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, ఎప్పుడూ బయటకు రాని ఆ చివరి మూరలో బురద గీత ఉంటే అంతే సంగతులు. కార్పెట్ మూల లేపి అడుగున వేలు పెట్టి రుద్దండి, డిక్కీలో స్టెప్నీ సామాను పెట్టే మూలల్లో సన్నటి ఒండ్రు ఉందేమో చూడండి. అన్ని కిటికీలు మూసి ఏసీ ఆపి పది నిమిషాలు కూర్చోండి, మగ్గిన వాసన ఎంత సెంటు కొట్టినా బయటపడుతుంది. తర్వాత బండి నంబరు మీద ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉందా కనుక్కోండి, అధికారిక సర్వీస్ సెంటర్లో హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించి రిపోర్టు కాగితం తీసుకోండి. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపేయండి. మన సెంటర్ మెకానిక్ ఎంత మంచివాడైనా నారింజ రంగు వైర్ల జోలికి పోనివ్వద్దు, అందులో ఉండేది ప్రాణం తీసే కరెంటు.

ఇంకో చిన్న మాట, మన వైపు పిల్లలు అమెరికాలో ఉండి ఊళ్లో తల్లిదండ్రులకు బండి కొనిచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ బండ్లు వారాల తరబడి కదలవు. తక్కువ తిరిగిందని మురిసిపోకండి, హైబ్రిడ్‌లో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి లేవదు, నెట్టి స్టార్ట్ చేయడమూ కుదరదు. ముందు చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగించినా మోటారుకు దెబ్బ, బండిని ఎత్తి పెట్టుకుపోయే వ్యానే పిలవాలి. మీరు సెలవులకు వెళ్లినా వారానికోసారి అరగంట రెడీలో పెట్టమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. వరి కోతలప్పుడు ఎలుకలు బానెట్‌లో చేరతాయి, అది కూడా చూసుకోవాలి.

మీ ఇంటికి నేనైతే ఏది చెబుతానంటే: అమ్మ వారానికోసారైనా బండి ఎక్కుతారు, ఊరి నుంచి సామాను తెచ్చుకుంటారు అంటే 60,000 లోపు తిరిగిన ఒక్క ఓనర్ వీఎక్స్ ఎనిమిది సీట్ల హైక్రాస్, పై పరీక్షలన్నీ నెగ్గితే. ఎక్కువగా మీరిద్దరే ఆఫీసులకు, బడికి తిరిగేదుంటే కొత్త హైరైడర్ గానీ విటారా గానీ, ఏది ఎక్కువ డిస్కౌంట్ ఇస్తే అది, టాప్ వద్దు, కుదిరితే నల్ల సీట్లు. తొందరగా కావాలంటే డెలివరీ తేదీ బుకింగ్ కాగితం మీద రాయించుకోండి. మీరు చూసిన ఆ హైక్రాస్ నంబరు ఇక్కడ పెట్టకండి, వేరియంట్, కిలోమీటర్లు, ఎన్ని చేతులు మారింది, ఆఖరి సర్వీస్ ఎప్పుడు అన్నవి రాస్తే ఎంతకు అడగాలో చెబుతాను.